హత్య కేసుల జీవిత ఖైదీలను ఓపెన్ జైల్ల పెడుతున్నరు, పారిపోతే ఎట్ల?

చర్లపల్లి_శీను
చర్లపల్లి సెంట్రల్ జైలు పక్కన ఓపెన్ ఎయిర్ జైలు ఉన్నది, ఖైదీల వ్యవసాయ క్షేత్రం అంటరు. పెద్ద గోడ లేదు, తుపాకి పట్టిన కావలి లేదు. హత్య కేసుల్ల జీవిత ఖైదు పడ్డోళ్లు అండ్ల పొలం పని చేస్తుంటరు. సెల్‌ఫోన్ గుంజుకపోయినోడేమో ఎత్తు గోడల నడుమ. ఇదేం లెక్క? నేనడిగేవి మూడు. వీళ్లను ఎవరు ఎంచుతరు, రోజూ ఎట్ల లెక్కబెడతరు, ఒకడు పోతే మొదటి గంటల ఏం చేస్తరు. రాజకీయం వద్దు, పద్ధతి తెలిసినోళ్లు చెప్పున్రి.

ఈసీఐఎల్_మాధవి
నాదీ ఇదే ప్రశ్న. ఆ చుట్టుపక్కల ఎన్ని కాలనీలు వచ్చాయో చూడండి. అక్కడ ఇల్లు కొనుక్కున్నవాళ్లకు ఈ పద్ధతి గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

బర్కత్‌పుర_వకీలు
మొదటి ప్రశ్నకు జవాబు. జీవిత ఖైదు పడిన రోజునే ఎవరినీ ఓపెన్ జైలుకు పంపరు. ముందు సెంట్రల్ జైల్లో ఏళ్లు గడవాలి. తర్వాత సూపరింటెండెంట్ ఆఫీసులో నామినల్ రోల్, అంటే ఖైదీ వివరాల పట్టిక, తయారవుతుంది. ఏ సెక్షను, ఎంత శిక్ష, రిమాండు రోజులకు ఎంత సెట్-ఆఫ్ (శిక్షలోంచి మినహాయింపు), ఎంత రెమిషన్ (మంచి ప్రవర్తనకూ పనికీ శిక్షలో తగ్గింపు) సంపాదించాడు, పెరోల్ మీద వెళ్లినప్పుడల్లా వేళకు తిరిగొచ్చాడా, లోపల ఏదైనా తప్పుకు దండన పడిందా, ఇవన్నీ అందులో ఉండాలి. జైల్లో అతని రికార్డు ఉండే హిస్టరీ టికెట్ జతపరుస్తారు. పొలం పనికి ఒళ్లు సహకరిస్తుందని డాక్టరు రాయాలి. నియమాలకు కట్టుబడి ఉంటానని ఖైదీ ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఎంపిక కమిటీ ముందుకు పేరు వెళ్తుంది.

సాధారణంగా పక్కన పెట్టేది అలవాటు పడ్డ నేరస్తులను, బందిపోటు కేసులవాళ్లను, ఇంతకుముందు కస్టడీ నుంచి తప్పించుకున్నవాళ్లను, వేరే కేసులు ఇంకా తేలనివాళ్లను.

ఇంకొకటి. ఉరిశిక్షకు కూడా అవకాశం ఉన్న నేరంలో జీవిత ఖైదు పడితే కనీసం 14 ఏళ్లు జైల్లో ఉండాల్సిందేనని 1978లో సీఆర్‌పీసీలో 433ఎ చేర్చారు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పుడది సెక్షన్ 475. ఓపెన్ జైల్లో గడిపిన రోజులు కూడా ఆ 14 ఏళ్ల లెక్కలోవే. అక్కడ పొలం దున్నుతున్నవాడు ఇంకా శిక్ష అనుభవిస్తున్న ఖైదీయే, విడుదలైనవాడు కాదు.

కుషాయిగూడ_62
కాగితం మీద అంతా బాగానే ఉంది వకీలు గారూ. కానీ లోపల బుద్ధిగా ఉన్నాడంటే గోడ ఉంది కాబట్టి ఉన్నాడేమో! గోడ తీసేశాక ఎలా ఉంటాడో హిస్టరీ టికెట్ చూసి చెప్పగలరా?

నామినల్_రోల్
62 గారి సందేహం సరైనదే. అందుకే నా దృష్టిలో లోపలి ప్రవర్తన కంటే పెరోల్, ఫర్లో (మంచి ప్రవర్తనకు ఇచ్చే సెలవు) చరిత్రకు ఎక్కువ బరువు ఇవ్వాలి. గోడ లేనప్పుడు మనిషి ఎలా ఉంటాడో చెప్పేది అదొక్కటే. మన దగ్గర పెరోల్ అంటే శిక్షను తాత్కాలికంగా నిలిపి పంపడం, 1981 నాటి నియమాలు వాటి పేరులోనే ఆ మాట చెబుతాయి. ఒకటికి రెండుసార్లు ఊరెళ్లి, చెప్పిన రోజు సాయంత్రానికి గేటు దగ్గర నిలబడ్డవాడు గోడ లేకుండా పరీక్ష పాసయినట్టే. ఒక్కసారి కూడా పెరోల్ మీద వెళ్లనివాణ్ని, ప్రవర్తన బాగుందన్న ఒక్క మాట మీద పొలానికి పంపితే అది గుడ్డి పందెం.

ఇక శీనన్న అడిగిన సెల్‌ఫోన్ దొంగ సంగతి. అతని మీద ఒక్క కేసే ఉండదు. ఉప్పల్‌లో ఒకటి, మల్కాజిగిరిలో రెండు, వరంగల్‌లో ఇంకొకటి. ఇక్కడ శిక్ష పూర్తయ్యే రోజుకు మరో కోర్టు నుంచి పీటీ వారెంటు (ఇంకో కేసులో హాజరుపరచమని జైలుకు ఇచ్చే ఆదేశం) వచ్చి గేటు దగ్గర కాచుకుని ఉంటుంది. తను ఎప్పుడు బయటపడతాడో అతనికే తెలియదు. పైగా ఉన్నదే ఏడాదో రెండేళ్లో శిక్ష, పోగొట్టుకోవడానికి పెద్దగా రెమిషన్ కూడా ఉండదు. పరారీకి కావలసిన సరంజామా అంతా అదే.

జీవిత ఖైదీల్లో చాలామంది గట్టు తగాదాల్లో, కుటుంబ గొడవల్లో ఒకే ఒక్క నేరం చేసి వచ్చినవాళ్లు. పదేళ్లు దాటినవాడి చేతిలో పదేళ్లుగా కూడబెట్టుకున్న రెమిషన్ ఉంటుంది. దాన్ని ఎవడూ తేలిగ్గా తగలెయ్యడు. నేరం పెద్దదైతే పారిపోయే భయం కూడా పెద్దది అనుకోవడం సహజం, కానీ ఆ రెండూ వేర్వేరు లెక్కలు.

ఈసీఐఎల్_మాధవి
వేరు లెక్కలే అనుకుందాం. పారిపోతే జరిగే నష్టం మాత్రం నేరాన్ని బట్టే ఉంటుంది కదా? సెల్‌ఫోన్ దొంగ పారిపోతే ఇంకో ఫోన్ పోతుంది. భార్యను చంపినవాడు పారిపోయి, సాక్ష్యం చెప్పిన మరదలి ఇంటికి వెళ్తే?

లీడ్స్‌లో_తెలుగు
మాధవి గారు అడిగినదే ఇంగ్లండ్‌లో 2014లో పెద్ద రచ్చ అయింది. సాయుధ దోపిడీలకు 13 జీవిత ఖైదులు పడినవాడు స్టాండ్‌ఫర్డ్ హిల్ ఓపెన్ జైలు నుంచి ఒక రోజు అనుమతి మీద బయటికెళ్లి తిరిగి రాలేదు. నాలుగు రోజుల్లో పట్టుకున్నారు గానీ ఆలోపే మరో దోపిడీ చేశాడు. అంతకుముందు కూడా పరారైన చరిత్ర ఉన్న మనిషి! ఆ ఏడాదే నిబంధన బిగించారు: ఒకసారి పరారైనవాడిని అసాధారణ పరిస్థితుల్లో తప్ప మళ్లీ ఓపెన్ జైలుకు పంపకూడదని. మీరు గమనించాల్సింది, బిగించింది నేరాన్ని చూసి కాదు, పరారీ చరిత్రను చూసి.

ఇక్కడ 1930ల్లో వేక్‌ఫీల్డ్ దగ్గర న్యూ హాల్ క్యాంపుతో ఓపెన్ జైళ్లు మొదలయ్యాయి. జీవిత ఖైదీ ఓపెన్ జైలుకు రావాలంటే పెరోల్ బోర్డు (ఇక్కడ ఖైదీల విడుదలను తేల్చే సంస్థ) అతని ఫైలు చూసి సిఫారసు చెయ్యడం మామూలు దారి. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఏడాదికి వెయ్యి దాటిన పరారీలు, 2003-04 తర్వాత తగ్గుతూ వచ్చి గత దశాబ్దం చివరికి 200 లోపుకు దిగాయి. ఓపెన్ జైళ్లను మూసేసి తగ్గించింది కాదు, ఎవరిని పంపాలన్న జల్లెడ కన్నాలు చిన్నవి చేశారు.

లాకప్_వేళ
శీనన్న రెండో ప్రశ్నకొస్త. గింతీ, అంటే తలల లెక్క సంగతి.

పొద్దుగాల తలుపులు తీయంగనే ఒక లెక్క. పనికి గ్యాంగులు విడదీసేటప్పుడు ఇంకొకటి: కూరగాయల గ్యాంగు ఇంతమంది, పాడి పశువుల కాడ ఇంతమంది, జైలోళ్ల పెట్రోల్ బంకు షిఫ్టుకు ఇంతమంది. ఏ గ్యాంగు ఏ వార్డర్ కిందనో పుస్తకంల రాసి సంతకం పెట్టాలె. పగటి బువ్వకు ఒక లెక్క, సాయంత్రం పని ముగిసినంక ఒకటి, లాకప్ వేళకు ఆఖరుది. అన్నీ కలిపి ఆ రోజు మొత్తం బలంతోని సరిపోవాలె. ఆస్పత్రికి పోయినోడు, కోర్టుకు పోయినోడు, ఫర్లో మీద ఉన్నోడు, వీళ్లను తీసేసినంక.

ఎక్కడ చెడుతదంటే, తలకాయలు లెక్కబెడతరు, మొఖాలు చూడరు. చీకట్ల ఒకడు రెండుసార్ల నిలబడితే లెక్క సరిపోతది. గ్యాంగు నడిమిట్ల మారినోడు రెండు పుస్తకాలల్ల ఉంటడు, లేకుంటె ఒక్కదాంట్ల కూడ ఉండడు. పేరు పిలిచి, ఫోటో ఉన్న కార్డు చూసి, మనిషి మొఖం చూసి టిక్కు పెడితే ఇంకో పావుగంట పడతది. ఆ పావుగంటకే కక్కుర్తి పడతరు.

పనిముట్లది ఇంకో లెక్క. కొడవళ్లు, పారలు, గొడ్డళ్లు నంబరేసి టోకెను మీద ఇయ్యాలె, పొద్దుగూకంగనే తిరిగి గోడ మీద గీసిన బొమ్మలల్ల తగిలియ్యాలె. మనిషి తప్పిపోయిన సంగతి కంటె ముందు కొడవలి తప్పిపోయిన సంగతి బయటపడతది.

సాగు_సంగతులు
దీనికి పంట కూడా కలపండి. సరిహద్దు కంచె పక్కన మక్క, జొన్న వేస్తే రెండు నెలలకే మనిషి ఎత్తు దాటుతాయి. అందులో ఎనిమిది మంది గ్యాంగు దిగితే వార్డర్‌కు కనబడేది ఆకులు మాత్రమే. కంచె వైపు పాలకూర, కొత్తిమీర, వంకాయ లాంటి పొట్టి పంటలు, ఎత్తు పంటలు నట్టనడుమ, మామిడి చెట్లకు కింది కొమ్మలు కత్తిరించి మనిషి నడుమెత్తు వరకు ఖాళీ, బావులకు జాలీ. ఇందులో దేనికీ కొత్త బడ్జెట్ అక్కర్లేదు, విత్తే ముందు జైలర్, వ్యవసాయం చూసే మనిషి కలిసి కూర్చుంటే చాలు.

కుషాయిగూడ_62
ఈ పంటల మాట ఇప్పటిదాకా ఎక్కడా వినలేదు. బాగుంది.

చర్లపల్లి_శీను
అన్నలు మంచిగ చెప్తున్నరు. మరి మూడో ప్రశ్న? పోయినంక?

లాకప్_వేళ
లెక్క తప్పంగనే మొదట మళ్లొకసారి లెక్క. రెండోసారి కూడ తప్పితే అందరిని ఒక్క జాగల కూసోబెట్టి పేరు పేరున పిలుస్తరు, ఎవడు లేడో తేలుతది. ఒక జట్టు షెడ్లు, బావులు, గడ్డివాములు చూడాలె. ఇంకో మనిషి అదే టైముల ఫోను మీద ఉండాలె. వెతుకుడు అయిపోయినంక ఫోను చేద్దామనుకుంటె గంట పోతది, ఆ గంట మళ్ల దొరకది.

ఫోను లోకల్ స్టేషన్‌కు ఒక్కదానికే సరిపోది. చర్లపల్లి రైల్వే టెర్మినల్ 2025 జనవరిల మొదలైంది, దూరపు బండ్లు ఇప్పుడు ఆడికెళ్లే పోతున్నయ్. కాబట్టి రైల్వే పోలీసులకు, ఆర్‌పీఎఫ్‌కు ఎంబడే చెప్పాలె. ఇంకో దిక్కు ఘట్‌కేసర్ కాడ ఔటర్ రింగ్ రోడ్డు. తర్వాత ఫోటో, ఒంటి మీద గుర్తులు, వేలిముద్రల చీటీ, ఆఖరుసారి ములాఖత్‌కు వచ్చినోళ్ల పేర్లు, వాని సొంత జిల్లా పోలీసులకు కబురు. ఫోటో మాత్రం కొత్తది గావాలె. జైలుకొచ్చిన రోజు దిగిన ఫోటోల నిండ జుట్టు, మీసం, ఇప్పుడేమో బట్టతల. అదే ఫోటో అన్ని స్టేషన్లకు పోతే ఏం లాభం? ఆర్నెల్లకొకసారి కొత్త ఫోటో దిగాలె.

బర్కత్‌పుర_వకీలు
చట్టం వైపు: చట్టబద్ధమైన కస్టడీ నుంచి తప్పించుకుంటే ఐపీసీ 224, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో 262. రెండేళ్ల దాకా శిక్ష, అదీ పాత శిక్షకు అదనం. అజాగ్రత్తతో పోనిచ్చిన ఉద్యోగికి వేరే సెక్షన్ ఉంది, బీఎన్‌ఎస్ 261.

అయితే జీవిత ఖైదీని ఆపేది ఆ రెండేళ్లు కాదు. ముందస్తు విడుదల జాబితాలో పేరు పోవడం, సంపాదించిన రెమిషన్‌కు కోత పడటం, మళ్లీ మూసిన బ్యారక్. అసలు తాళం ఇదే. ఇక్కడే ప్రభుత్వం తన తాళాన్ని తనే వదులు చేసుకుంటోంది. గణతంత్ర దినోత్సవానికో గాంధీ జయంతికో జీవో వస్తుందని ఆశ పెడతారు, రాదు. వచ్చినా ఫలానా సెక్షన్ మినహాయింపు అని పేరు పోతుంది, ఎందుకు పోయిందో రాతపూర్వకంగా చెప్పరు. విడుదల మీద ఆశ పోయినవాడికి రెమిషన్ మీద మమకారం ఎందుకుంటుంది? జాబితా వచ్చిన వారంలోనే, పేరు లేని ప్రతి ఖైదీని కూర్చోబెట్టి కారణం, మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారో చెప్పి తీరాలి.

నామినల్_రోల్
ఈ మాట బంగారంతో రాయాలి. పరారైనవాళ్లు ఎక్కడ దొరుకుతారో చూడండి, ఎక్కువగా సొంత ఊళ్లోనో అత్తగారి ఊళ్లోనో. పారిపోయి కొత్త బతుకు బతకాలని పోయినవాళ్లు తక్కువ. తల్లికి సీరియస్, కూతురి పెళ్లి కుదిరింది, అన్నదమ్ములు పొలం అమ్మేస్తున్నారు, భార్య ములాఖత్‌కు రావడం మానేసింది, పెరోల్ అర్జీ పెట్టుకుంటే స్టేషన్ నుంచి శాంతిభద్రతల సమస్య అని ఒక్క వాక్యం వచ్చి కొట్టేశారు. ఇలాంటివే కారణాలు. కొన్నిసార్లు తోటి ఖైదీతో అప్పు, బెదిరింపు.

కాబట్టి కనిపెట్టి ఉండాల్సినవి పొలానికి మారిన తొలి నెలలు, పెరోల్ తిరస్కరణ తర్వాతి వారం, దసరా, సంక్రాంతి, ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చిన రోజు. అలవాటుగా వచ్చే ములాఖత్ వరసగా రెండుసార్లు తప్పిందా, సంక్షేమం చూసే అధికారి ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలి. అవసరమైతే ఆ మనిషిని కొన్నాళ్లు సెంట్రల్ జైలు లోపలికి మార్చాలి, అయితే దండనలా రాయకూడదు. దండనగా రాస్తారని తెలిస్తే ఎవడూ తన కష్టం నోరు తెరిచి చెప్పడు.

ఈసీఐఎల్_మాధవి
ఒప్పుకుంటాను. కానీ అందరూ ఖైదీ ఇంటి సంగతే మాట్లాడుతున్నారు, చనిపోయినవాళ్ల ఇంటి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. పెరోల్ ఇచ్చేటప్పుడు ఊళ్లో పోలీసులు విచారిస్తారు కదా. ఓపెన్ జైలుకు మార్చేటప్పుడు కూడా ఆ విచారణ తప్పనిసరి చెయ్యాలి. సాక్షులు ఎక్కడ ఉంటున్నారు, పగ ఇంకా రగులుతోందా, ఇవి తెలుసుకోకుండా పంపితే మిగతా జల్లెడలన్నీ ఖైదీకి అనుకూలంగా పట్టినవే. పరారైతే మొదటి ఫోన్లలో ఒకటి ఆ కుటుంబానికి వెళ్లాలి, టీవీలో చూసి తెలుసుకోకూడదు.

లాకప్_వేళ
మాధవక్క మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఫోను నంబర్ల కాగితంల ఆ కుటుంబం నంబరు కూడ ముందే రాసి ఉంచాలె. పోయినంక పాత చార్జిషీటు తీసి అడ్రసు వెతకవడితే తెల్లారుతది.

మౌలాలి_మెకానిక్
కాలికి జీపీఎస్ పట్టీ పెడితే అయిపాయె కద? ఇంత కథ ఎందుకు.

లీడ్స్‌లో_తెలుగు
పట్టీ మనిషిని ఆపదు, పోయాక పోయాడని చెబుతుంది. రోజూ చార్జింగ్ పెట్టాలి, రేకుల షెడ్డు కింద సిగ్నల్ తప్పి దొంగ హెచ్చరికలు వస్తాయి, పట్టీ కోసుకోవచ్చు. హెచ్చరిక వచ్చిన నిమిషంలో వెళ్లే మనుషులు లేకపోతే అది ఒట్టి రబ్బరు ముక్క. కేంద్రం 2023లో ఇచ్చిన నమూనా జైళ్ల చట్టంలో ఖైదీ ఒప్పుకుంటే పట్టీ పెట్టి సెలవు ఇవ్వొచ్చని ఉంది. సెలవుకు పనికొస్తుంది. పొలం చుట్టూ దాన్ని నమ్ముకుని వార్డర్లను తగ్గిస్తే ప్రమాదం.

సిబ్బంది తగ్గితే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని ఫోర్డ్ ఓపెన్ జైలును చూడండి. 2011 జనవరి 1న అల్లర్లు, భవనాలు తగలబడ్డాయి. తాగారేమోనని ఊదించి చూడబోతే గొడవ మొదలైంది. దాదాపు 500 మంది ఖైదీలకు ఆ రాత్రి డ్యూటీలో ఇద్దరు అధికారులు, నలుగురు సహాయక సిబ్బంది.

సాగు_సంగతులు
రాజస్థాన్ పద్ధతి ఎవరూ ఎత్తలేదేం? జైపూర్ దగ్గర సాంగానేర్ ఓపెన్ జైలు 1963 నుంచి నడుస్తోంది. ఖైదీలు భార్యాపిల్లలతో ఉంటారు, పగలు ఊళ్లోకి వెళ్లి పని చేసుకుని తమ తిండి తామే సంపాదించుకుంటారు, పొద్దున సాయంత్రం హాజరు, లోపలి క్రమశిక్షణ చాలావరకు ఖైదీల సొంత సంఘమైన బందీ పంచాయతీదే. పిల్లలు అక్కడి బడిలో చదువుకుంటుంటే తండ్రి ఎక్కడికి పోతాడు?

కుషాయిగూడ_62
పెళ్లి కానివాడి సంగతి? వాళ్ల 1972 నియమాల్లో పెళ్లి కానివాళ్లు, 25 దాటనివాళ్లు మామూలుగా అర్హులు కారు. కుటుంబమే జామీను అన్నమాట. కుటుంబం వదిలేసినవాడికి అక్కడా దారి లేదు.

సాగు_సంగతులు
అది లోటే, కాదనను. అయినా అది మన దగ్గర పెడితే సగం పరారీ కారణాలు వాటంతటవే పోతాయి. దేశం మొత్తం మీద 2022 చివరికి ఓపెన్ జైళ్లు 91, వాటిలో పెద్ద వాటా రాజస్థాన్‌దే.

నామినల్_రోల్
కుటుంబాలను తేవడం రేపే అవ్వదు. మెట్లు కట్టడం మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు. నమూనా జైలు మాన్యువల్‌లోనే సెమీ ఓపెన్, ఓపెన్, ఓపెన్ కాలనీ అని మూడు రకాలున్నాయి. మొదట సెంట్రల్ జైలు గేటు బయట కావలితో పని, రాత్రికి లోపలికి. తర్వాత పగలు పెట్రోల్ బంకులో షిఫ్టు, రాత్రి లోపలే. ఆ తర్వాతే పొలంలో రాత్రి బస. ఒక్కో మెట్టు మీద కొన్ని నెలలు. తప్పు చేస్తే ఒక మెట్టు కిందికి, నేరుగా అట్టడుక్కి కాదు.

మౌలాలి_మెకానిక్
బంకు అంటే గుర్తొచ్చింది, జైలు బంకుల కొలత పక్కాగ ఉంటదని దూరంకెళ్లి వచ్చి పోయించుకుంటరు జనం. ఖైదీ చేతికే పైసలిచ్చి పోతున్నరు, భయపడుతలేరు కద.

చర్లపల్లి_శీను
నేను కూడ ఆడనే పోయించుకుంట. బంకు కాడ జనం ఉంటరు, కెమెరాలు ఉంటయి. నా భయమంత పొలం వెనుక చీకటి దిక్కుకు. ఇప్పుడు లెక్కలు కావాలె. ఆర్‌టీఐ పెడితే ఇస్తరా?

బర్కత్‌పుర_వకీలు
పేర్లు, కేసు వివరాలు అడిగితే కొట్టేస్తారు. అంకెలు అడగండి. చంచల్‌గూడలో జైళ్ల శాఖ ప్రధాన కార్యాలయంలో పీఐఓకు (సమాచార అధికారికి), 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. రాకపోతే మొదటి అప్పీలు.

చర్లపల్లి_శీను
ఇట్ల రాద్దామనుకుంటున్న: గత పదేండ్లల్ల వ్యవసాయ క్షేత్రం నుంచి ఏ ఏడాది ఎంతమంది పరారైన్రు, ఎంతమంది దొరికిన్రు, ఎంతమంది వాళ్లంతట వాళ్లే వచ్చిన్రు.

నామినల్_రోల్
ఇంకో రెండు కలుపు శీనన్నా. పొలానికి మారిన ఎన్నో నెలలో పరారయ్యారు అని ఒకటి. అంతకుముందు ఆర్నెల్లలో పెరోల్ అర్జీ తిరస్కరించారా లేదా అని ఇంకొకటి. ఆ ఏడాది అక్కడున్న ఖైదీల సగటు సంఖ్య కూడా అడుగు, లేకపోతే ఇరవైలో ఇద్దరో రెండొందల్లో ఇద్దరో తెలియదు.

ఈసీఐఎల్_మాధవి
పరారైన సంగతి బాధిత కుటుంబానికి ఎన్ని గంటల్లో తెలిపారు, తెలిపే నిబంధన ఉంటే దాని నకలు. ఇదీ రాయండి.

చర్లపల్లి_శీను
రాసిన. సోమవారం పోస్టు చేస్త, జవాబు రాంగనే ఈడనే పెడత.